మంథని ఉత్తరం

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. 2020లో ఆ కార్తె అప్పుడే అడుగుపెట్టింది. లాక్‌డౌన్ ఇంకా పూర్తిగా ఎత్తలేదు. బస్టాండ్లు బోసిపోయాయి, గోదావరి రేవులు బోసిపోయాయి. మూతికి గుడ్డ లేకుండా గడప దాటిన వాడల్లా నేరస్తుడైన రోజులవి. మే 26న పెద్దపల్లి జిల్లా మంథని పోలీస్ స్టేషన్‌లో శీలం రంగయ్య అనే మనిషి చనిపోయాడు. అడవి జంతువుల కోసం కరెంటు తీగలు పరిచారన్న అనుమానం మీద పట్టుకొచ్చిన వాళ్లలో ఆయనొకడు. స్టేషన్ బాత్రూంలో ఉరేసుకున్నాడని పోలీసులు చెప్పారు.

కరెంటు పెట్టడమంటే ఏమిటో పల్లెల్లో అందరికీ తెలుసు. మక్కచేను మీద పందులు పడి ఒక్క రాత్రిలో నేలమట్టం చేస్తాయి. కడుపు మండిన రైతు తీగ లాగుతాడు. పందిమాంసం మీద ఆశ ఉన్నవాడూ లాగుతాడు. చీకట్లో ఆ తీగ తొక్కి ఎడ్లు చచ్చాయి, మనుషులూ చచ్చారు. కాబట్టి అది నేరం కాదనే మాట ఎవరూ అనరు. నేరానికి కోర్టు ఉంది, శిక్ష ఉంది, జైలుంది. బాత్రూంలో చావు మాత్రం ఏ చట్టంలోనూ రాసిన శిక్ష కాదు.

రంగయ్య చావు అక్కడితో ముగియవలసిందే. పంచనామా, పోస్ట్‌మార్టం, ఇంటివాళ్లకు శవం, దినాలు, ఆ తర్వాత మౌనం. ఇట్లాంటివి చాలావరకు అట్లాగే ముగుస్తాయి. ఇది ముగియలేదు. ఒకామె ఉత్తరం రాసింది.

ఆమె పేరు పి.వి. నాగమణి. హైకోర్టు న్యాయవాది. భర్త గట్టు వామన్‌రావు కూడా న్యాయవాదే, మంథని మండలం గుంజపడుగు ఆయన సొంతూరు. హైదరాబాద్‌లో ప్రాక్టీసు, మంథనిలో కేసులు, నడుమ ఆ దారిమీద రాకపోకలు. మంథని చదువుకున్నవాళ్ల ఊరు. వేదం చెప్పుకున్న ఊరని మంత్రపురి అని పిలుచుకుంటారు. 1957 నుంచి 1977 దాకా పి.వి. నరసింహారావును శాసనసభకు పంపిన ఊరు. అట్లాంటి చోట వకీలు దంపతులకు మర్యాద ఉంటుంది. మర్యాదతో పాటు పగ కూడా ఉంటుంది. అక్రమ కట్టడాల మీద, పలుకుబడి ఉన్నవాళ్ల మీద పిటిషన్లు వేసే వకీలుకు రెండోదే ఎక్కువ.

రంగయ్య మరణం అనుమానాస్పదమని నాగమణి తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి రాసింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి రాఘవేంద్ర సింగ్ చౌహాన్. కోర్టు ఆ ఉత్తరాన్నే ప్రజాప్రయోజన వ్యాజ్యంగా తీసుకుంది. స్థానిక పోలీసులతో సంబంధం లేని అధికారి చూడాలంటూ విచారణను హైదరాబాద్ పోలీస్ కమిషనర్ అంజనీకుమార్‌కు అప్పగించింది. పోలీసు మీద విచారణ మళ్లీ పోలీసుకే పోయిందని పెదవి విరవొచ్చు. అయినా, లాక్‌డౌన్ నడుమ, మారుమూల ఠాణాలో పోయిన ఒక బీదవాడి ప్రాణం గురించి రాజధానిలోని కమిషనర్ ఫైలు తెరవవలసి వచ్చిందంటే, ఆ కాగితానికి ఎంత బరువున్నదో చూడండి.

ఈ దేశంలో లాకప్ చావుల చట్టమంతా ఉత్తరాల మీదే కట్టారు. ఒడిశాలో సుందర్‌గఢ్ జిల్లాలో సుమన్ బెహెరా అనే ఇరవై రెండేళ్ల కుర్రవాణ్ని 1987 డిసెంబర్ 1న దొంగతనం అనుమానంతో పట్టుకెళ్లారు. మర్నాడు రైలు పట్టాల మీద శవమై దొరికాడు. కట్టిన తాడు పళ్లతో కొరికి పారిపోయాడని పోలీసులు అన్నారు. అతని తల్లి నీలబతి బెహెరా 1988లో సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసింది. 1993లో కోర్టు ఆమె పక్షాన నిలిచి లక్షన్నర రూపాయల పరిహారం ఇమ్మంది. అదుపులో ఉన్న మనిషికి ఏమైనా జరిగితే ఎట్లా జరిగిందో చెప్పుకోవలసింది రాజ్యమేనని ఆ తీర్పుతో స్థిరపడింది. పశ్చిమ బెంగాల్‌లో న్యాయసహాయ సంస్థ నడిపే డి.కె. బసు 1986 ఆగస్టులో పత్రికల్లో వచ్చిన లాకప్ మరణాల వార్తలు జతచేసి ఇంకో ఉత్తరం రాశాడు. పదేళ్లకు, 1996 డిసెంబర్ 18న, దాని మీద తీర్పొచ్చింది. అరెస్టు చేసేవాడి ఛాతీ మీద పేరు కనిపించాలి. అరెస్టు కాగితం మీద సాక్షి సంతకం ఉండాలి. ఇంటివాళ్లకు కబురందాలి. అదుపులో ఉన్నంత కాలం నలభై ఎనిమిది గంటలకోసారి డాక్టరు చూడాలి. ఈ పదకొండు నిబంధనలను ప్రతి స్టేషన్‌లో గోడకు అంటించాలని కూడా చెప్పారు. చాలా స్టేషన్లలో అంటించారు కూడా. అరెస్టయిన వాడు గోడ మీది అక్షరాలు చదివే స్థితిలో ఉంటాడా అన్నది వేరే సంగతి.

మా వైపు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఈ గోడలకు ఇంకా పాత చరిత్ర ఉంది. ఠాణా మెట్లెక్కకుండా బతుకు వెళ్లదీస్తే చాలని మొక్కుకునే పెద్దవాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వెట్టి వద్దని, కూలి పెంచమని, దొరల గడీల ముందు తల ఎత్తుకుని జనం నడిచారు. ఆ తర్వాత నెల తిరిగేసరికి, అక్టోబర్‌లో, జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1948 నాటి చట్టం అది. గుమిగూడొద్దన్న ఉత్తర్వు మీరిన వాళ్ల మీద, హెచ్చరించి, ప్రాణం పోయేలా అయినా సరే కాల్పులు జరిపే అధికారాన్ని ఒక ఎస్సై చేతిలో పెట్టింది. ప్రాణం తియ్యాలా వద్దా అన్న నిర్ణయం అంత కింది మెట్టుకు దిగిన చోట ఠాణా అంటే ఏమనుకుంటారో వేరే చెప్పాలా.

1978లోనే, మార్చి నెలాఖర్లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో రమీజాబీని పోలీసులు చెరిచారు. అడగబోయిన భర్త, రిక్షా తొక్కే అహ్మద్ హుస్సేన్, వాళ్ల దెబ్బలకు చనిపోయాడు. జనం అతని శవాన్ని మోసుకుని స్టేషన్ మీదికి వెళ్లారు. కర్ఫ్యూ, కాల్పులు, చివరికి జస్టిస్ ముక్తదర్ కమిషన్. కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకు వెళ్లింది, అక్కడ నిందితులు విడుదలయ్యారు. రాసిన కమిషన్ ఒకటి చెప్పింది, తేల్చిన కోర్టు ఒకటి చెప్పింది. నడుమ మిగిలింది ఒక రిక్షా.

ఈ చావుల గురించి మాట్లాడేటప్పుడు ఎప్పుడూ ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతాం. కొట్టి చంపారా, తానే చచ్చాడా? ఆ ప్రశ్న పెద్దదే. దాని నీడలో ఇంకో ప్రశ్న దాక్కుంటుంది. చూసిన మొదటి మనిషి ఏం చేశాడు?

మెదడుకు ప్రాణవాయువు ఆగితే నాలుగైదు నిమిషాలు. ఆ తర్వాత గుండె మళ్లీ కొట్టుకున్నా మనిషి పూర్తిగా తిరిగి రాడు. కాబట్టి వేలాడుతున్న మనిషి సెంట్రీ కానిస్టేబుల్ కంటపడిన ఆ క్షణంలో చెయ్యవలసినవి చాలా కొన్నే. బరువు ఎత్తి పట్టుకోవాలి. కట్టు కోసి దించాలి. నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడుమ, నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు నొక్కుతూ ఉండాలి. ఇంకొకడు 108కి ఫోన్ చెయ్యాలి. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ బండి ఇప్పుడు పల్లెల దాకా వస్తుంది. ఇందులో పెద్ద చదువు అక్కర్లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో ఒక మనిషి కుప్పకూలితే అక్కడున్న ట్రాఫిక్ కానిస్టేబులే ఛాతీ నొక్కి బతికించాడు. ఆ వీడియో చూసి రాష్ట్రమంతా చప్పట్లు కొట్టింది. అదే ఖాకీ, అదే శిక్షణ కాలేజీ, అవే రెండు చేతులు.

నడిరోడ్డు మీద అంత చురుకైన చెయ్యి స్టేషన్ లోపల ఎందుకు బిగుసుకుపోతుంది? బయట పడిపోయినవాడు మనిషి. లోపల పడిపోయినవాడు కేసు. ముట్టుకుంటే తన మీదికి వస్తుందేమో. దించితే సాక్ష్యం చెరిపాడంటారేమో. ముందు ఎస్సైకి చెప్పాలా, ఎస్సై సీఐకి, సీఐ డీఎస్పీకి. స్టేషన్ జనరల్ డైరీలో ఎన్ని గంటలకని రాయాలి. ఆ ఫోన్లు నడిచేలోగా నిమిషాలూ నడుస్తాయి. పంచనామా తలపుకొచ్చిన చోట ప్రాణం వెనకబడుతుంది. చచ్చాడో బతికున్నాడో తేల్చవలసింది డాక్టరు, కానిస్టేబుల్ కాదు. డాక్టరు తేల్చేదాకా ప్రతి శరీరం బతికున్నదే అనుకుని చెయ్యాలి. లాకప్‌లో పెట్టేముందు బెల్టు, మొలతాడు, తువాలు తీసేసుకుని, ఒక్కోసారి డ్రాయరుతో నిలబెట్టే అలవాటు మన ఠాణాల్లో ఉంది. మనిషి చస్తాడేమోనన్న భయం వాళ్లకు ఎంతగా ఉందో అదే చెబుతుంది. మనిషి పరువు తీసేదాకా వచ్చే ఆ జాగ్రత్త, మనిషిని గమనించే దాకా రాదు.

ఒంటరిగా రాత్రి సెంట్రీ కాసే కానిస్టేబుల్ మీద నాకు జాలే. బందోబస్తు నుంచి వచ్చి నిద్ర లేకుండా నిలబడ్డవాడు. పై నుంచి తిట్లు, కింద ఎవరూ లేరు. కానీ జాలి వేరు, లెక్క వేరు. అదుపులోకి తీసుకున్నవాడి ఆరోగ్యం, క్షేమం తీసుకున్నవాడి బాధ్యతేనని చట్టం ఒక వాక్యంలో రాసి పెట్టింది. అదుపులో ఎవరైనా చనిపోతే జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారించి తీరాలని 2005లో చేసిన సవరణ 2006 జూన్ నుంచి అమల్లోకి వచ్చింది. ఇరవై నాలుగు గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలపాలన్న నియమం అంతకు ముందు, 1993 నాటిది. స్టేషన్లో ప్రతి మూలా కెమెరా ఉండాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో చెప్పింది, బాత్రూముల బయట భాగంతో సహా. రంగయ్య పోయిన ఆరు నెలలకు.

సిరిసిల్ల పక్కన నేరెళ్లలో ఈ లెక్క వేరే రకంగా తేలింది. 2017 జూలైలో ఇసుక లారీ గుద్ది ఒక దళితుడు చనిపోయాడు. రోజూ దుమ్ము తినీ తినీ విసిగిపోయిన ఊళ్లవాళ్లు లారీలు తగలబెట్టారు. పోలీసులు రాత్రిపూట వచ్చి ఎనిమిది మందిని పట్టుకుపోయారు. వాళ్లను గొడ్లను బాదినట్టు బాదారని, కరెంటు షాకులిచ్చారని బాధితులు చెప్పారు. కరీంనగర్ జైలు గేటు దగ్గరికి తీసుకొస్తే, ఒంటి మీద ఆ దెబ్బలు చూసి జైలు అధికారులు లోపలికి తీసుకోవడానికి వెనుకాడారని అప్పట్లో పేపర్లలో వచ్చింది. ఆ గేటు దగ్గరి తడబాటు నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. ఎవరో ఒకాయన కాగితం పక్కన పెట్టి మనిషిని చూశాడు. ఈ దెబ్బలు నా ఖాతాలో పడతాయన్న స్వార్థమే కావచ్చు. అయినా చూశాడు. నేరెళ్ల వాళ్లు బతికారు. బతికారు గనకే లోక్‌సభ మాజీ స్పీకర్ మీరాకుమార్ వచ్చి పలకరించగలిగింది, సిరిసిల్ల ఎమ్మెల్యే, అప్పటి మంత్రి కె.టి. రామారావు వేములవాడ ఆస్పత్రి మంచం పక్కన నిలబడవలసి వచ్చింది, ఒక ఎస్సై సస్పెండయ్యాడు.

బతికినవాడు తన నోటితో చెబుతాడు. చచ్చినవాడి తరఫున ఎవరో ఒకరు నోరు విప్పాలి. రంగయ్య తరఫున నాగమణి విప్పింది.

విప్పినందుకు దంపతులిద్దరూ తేలిగ్గా బతకలేదు. స్థానిక పోలీసులు తమను వేధిస్తున్నారని, తమ మీద కేసులు పెడుతున్నారని హైకోర్టుకే చెప్పుకోవలసి వచ్చింది. కోర్టు కల్పించుకుంది. కోర్టు నీడ హైదరాబాద్‌లో చల్లగానే ఉంటుంది. మంథని దారి మీద దానికి అంత పొడవు ఉండదు.

2021 ఫిబ్రవరి 17, బుధవారం. మాఘమాసం, ఎండ ఇంకా ముదరలేదు. మంథని కోర్టులో పని చూసుకుని ఇద్దరూ కారులో హైదరాబాద్ తిరుగు ప్రయాణమయ్యారు. ఆ దారి రామగిరి మండలం మీదుగా పోతుంది. ఒకపక్క రామగిరి ఖిల్లా గుట్టలు, ఒకపక్క సింగరేణి ఓపెన్‌కాస్ట్ మట్టిదిబ్బలు, సెంటినరీ కాలనీ క్వార్టర్లు. బొగ్గు లారీలతో, ఆర్టీసీ బస్సులతో ఎప్పుడూ రద్దీగా ఉండే రోడ్డు. కల్వచర్ల దగ్గర ఇంకో కారు అడ్డొచ్చి ఆగింది. దిగినవాళ్ల చేతుల్లో కొబ్బరిబోండాలు నరికే కత్తులున్నాయి.

పట్టపగలు. వెనక ఆర్టీసీ బస్సులు ఆగాయి. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. నాగమణి కారులోనే ఒరిగిపోయింది. వామన్‌రావు రోడ్డు మీద పడ్డాడు. నరికినవాళ్లు వచ్చిన కారులోనే వెళ్లిపోయారు. వాళ్లున్నంతసేపు జనం దగ్గరికి పోలేకపోవడం అర్థం చేసుకోవచ్చు. ఒట్టి చేతులతో కత్తికి ఎదురు పొమ్మని ఎవరూ ఎవరికీ చెప్పలేరు. వాళ్లు పోయిన తర్వాత కూడా ఆ రోడ్డు మీద ఏదో పెద్ద ఎడం మిగిలింది. మనుషులు దగ్గరికి వచ్చారు, చుట్టూ నిలబడ్డారు. ఎవరు చేశారని అడిగారు. నెత్తుటి మడుగులో పడి ఉన్న మనిషి, వకీలు కాబట్టి కావచ్చు, తన ఆఖరి మాటలకు ఎంత విలువ ఉందో తెలిసినవాడు కాబట్టి కావచ్చు, పేరూ ఊరూ చెప్పాడు. ఫోన్లు వాటిని పట్టుకున్నాయి. సాయంత్రానికి ఆ వీడియో తెలుగు దేశమంతా చూసింది.

నెత్తురు కారే మనిషికి కూడా కొన్ని నిమిషాలే ఉంటాయి. ఒక కండువా, ఒక తువాలు, చీర చెంగు, ఏదైనా సరే, గాయం మీద గట్టిగా అదిమి పట్టుకుంటే ఆ నిమిషాలు కాస్త సాగుతాయి. ఆ రోడ్డు మీద కండువాలకు కొదవా? పెద్దపల్లి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లారు. ఇద్దరిలో ఎవరూ దక్కలేదు.

జనాన్ని తిట్టడం తేలిక. ఆ రోజు టీవీల్లో బాగానే తిట్టారు. ఫోన్ తీసే చేతులు సాయం చెయ్యవా అని. కానీ మా వైపు రోడ్డు మీద పడ్డవాణ్ని ముట్టుకోకూడదని నేర్పింది ఫోన్ కాదు. యాక్సిడెంటయిన వాణ్ని ఆస్పత్రికి తీసుకుపోతే ముందు నీ పేరు రాసుకుంటారు, తర్వాత ఠాణాకు పిలుస్తారు, ఆ తర్వాత కోర్టు చుట్టూ తిప్పుతారు, పని పోతుంది, కూలి పోతుంది, ఒక్కోసారి నువ్వే గుద్దావంటారు. ప్రతి ఇంట్లో ఈ పాఠం చెప్పే తాత ఒకడుంటాడు. సాయం చేసినవాణ్ని వేధించొద్దని 2016 మార్చిలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో ఒక సెక్షనే పెట్టారు. పేరు చెప్పనక్కర్లేదు, స్టేషన్‌కు రానక్కర్లేదు. ఆ సంగతి బస్సు కిటికీ దాకా చేరలేదు. అంటే, ఏ ఠాణా లోపలి చావు గురించి నాగమణి ప్రశ్న అడిగిందో, ఆ ఠాణా మీది భయమే ఆమె పడిపోయిన రోడ్డు చుట్టూ గీత గీసి నిలబడింది. లోపలి సెంట్రీకి తన మీదికి వస్తుందేమోనన్న భయం. బయటి ప్రయాణికుడికీ అదే భయం.

హత్యకు కారణం గుంజపడుగులో గుడి తగాదా, ఊరి పాత కక్షలు అని పోలీసులు చెప్పారు. లాకప్ మరణం కేసుకూ ఈ హత్యకూ ముడిపెట్టి అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు. ఏది ఎంత నిజమో తేల్చడానికి కోర్టులున్నాయి. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఒక మనిషి ఎన్నో కాగితాలు రాస్తుంటే, ఏ కాగితం ఆ మనిషి ప్రాణం మీదికి తెచ్చిందో వెతుక్కోవలసి రావడమే పెద్ద విషాదం. నిందితుల్లో ఒకడు అప్పటి అధికార పార్టీ మండల నాయకుడు, ఆ తర్వాత పార్టీ అతన్ని తప్పించింది. మర్నాడు రాష్ట్రమంతటా న్యాయవాదులు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కారు. నల్లకోట్లు ఎండలో నడిచాయి. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ప్రధాన న్యాయమూర్తి స్థానంలో అప్పుడు జస్టిస్ హిమా కోహ్లి ఉన్నారు.

కత్తులు సుందిళ్ల బరాజ్‌లో పడేశారు. కాళేశ్వరం ఎత్తిపోతల కోసం కట్టిన ఆ బరాజ్‌కు పార్వతి అని పేరు పెట్టుకున్నారు. జగిత్యాల జిల్లాలో ధర్మపురి రేవును తడిపి వచ్చే గోదావరే అప్పట్లో అక్కడ ఆగి నిలబడింది. ధర్మపురిలో మన పెద్దల అస్థికలు కలిపిన నీళ్లవి. గజ ఈతగాళ్లను దించి ఆ కత్తులు వెతికించారు. అవి దొరికాయి. నీళ్లకింద దాచిన ఇనుము కూడా దొరుకుతుంది, వెతకాలనుకుంటే.

నాలుగు నెలలు గడిచాయి. 2021 జూన్ 18. యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు పోలీస్ స్టేషన్. ఖమ్మం జిల్లా చింతకాని మండలానికి చెందిన దళిత మహిళ అంబడిపూడి మరియమ్మ. ఒక చర్చి ఫాదర్ ఇంట్లో వంటమనిషి. రెండు లక్షల రూపాయలు పోయాయన్న ఫిర్యాదు మీద ఆమెనూ, కొడుకునూ తీసుకొచ్చారు. స్పృహ తప్పిందని భువనగిరి ఆస్పత్రికి తరలించారు. ఆమె తిరిగి రాలేదు. ఈసారి పౌరహక్కుల ప్రజాసంఘం, పీయూసీఎల్, హైకోర్టుకు వెళ్లింది. పూడ్చిన శవాన్ని తవ్వితీసి మళ్లీ పోస్ట్‌మార్టం చెయ్యాలని, మేజిస్ట్రేటు విచారణ జరగాలని కోర్టు ఆదేశించింది. అప్పటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు పరిహారం, కొడుక్కి ఉద్యోగం ప్రకటించారు. జూలైలో ఒక ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగాల నుంచి తీసేశారు. లాకప్ చావులో ఉద్యోగాలు ఊడడం మన రాష్ట్రంలో తరచూ జరిగేది కాదు. అంటే నాగమణి తర్వాత కూడా కాగితం పట్టుకుని మెట్లెక్కేవాళ్లు మిగిలే ఉన్నారు. ఎక్కేముందు ఒకసారి వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూసుకుని ఉంటారు, అంతే.

అదే దారి 2023 ఫిబ్రవరిలో మెదక్‌కు పోయింది. ఖదీర్‌ఖాన్ అనే కూలీని గొలుసు దొంగతనం అనుమానంతో పట్టుకెళ్లి, కొన్ని రోజులకు వదిలిపెట్టారు. నడవలేని స్థితిలో ఇంటికొచ్చాడు. తనను ఎట్లా కొట్టారో ఆస్పత్రి మంచం మీద ఫోన్ కెమెరా ముందు చెప్పుకుని, హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో కన్నుమూశాడు. హైకోర్టు తానే కేసు తీసుకుంది. ఇక్కడా ఒక ఫోన్, ఇక్కడా ఒక ఆఖరి మాట. పూర్వం మనిషి పోయేముందు నోట్లో తులసితీర్థం పోసేవాళ్లు. ఇప్పుడు వీడియో తీస్తున్నారు. వెక్కిరించడానికి ఈ మాట అనడం లేదు. తీర్థం పోస్తే ఆత్మకు శాంతి అనుకున్నాం. వీడియో తీస్తే కేసు నిలుస్తుంది అనుకుంటున్నాం. నమ్మకం దేని మీదికి మారిందో గమనించడం బాగుంటుంది.

మంథనిలో రంగయ్య ఇంటివాళ్లకు ఏం మిగిలింది? ఇంటి పెద్ద పోయిన ఇంట్లో మిగిలేదే మిగిలింది. వాళ్ల కోసం ఉత్తరం రాసిన మనిషి కూడా పోయింది. పేదవాడికి వకీలు దొరకడమే ఒక భాగ్యం. దొరికిన వకీలుకు తద్దినం పెట్టవలసి రావడం ఏ లెక్కలోకి వస్తుందో నాకు తెలియదు.

గుంజపడుగులో వామన్‌రావు తండ్రి ఊరికే కూర్చోలేదు. కొడుకు, కోడలు వాదించవలసిన వయసులో, ముసలితనంలో తానే కక్షిదారై సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. రాష్ట్ర పోలీసుల దర్యాప్తు మీద తనకు నమ్మకం లేదన్నాడు. 2025 ఆగస్టులో జస్టిస్ ఎం.ఎం. సుంద్రేష్, జస్టిస్ ఎన్. కోటీశ్వర్ సింగ్‌ల ధర్మాసనం ఆ జంట హత్యల కేసును సీబీఐకి అప్పగించింది. నాలుగున్నరేళ్లు. మంథని నుంచి ఢిల్లీ దూరం కిలోమీటర్లలో కొలిస్తే ఒక పగలూ ఒక రాత్రీ రైలు ప్రయాణం, కాగితాల్లో కొలిస్తే ఇంత.

ఆ కాగితాల నడుమ కల్వచర్ల రోడ్డు మీది వీడియో కూడా ఢిల్లీ చేరింది. తీసిన చెయ్యి ఎవరిదో. ఆ చెయ్యి ఆ రోజు కిందికి వంగి గాయాన్ని అదమలేదు. కొంచెం వణుకుతూ, పైనుంచే పట్టుకుని నిలబడింది. తెర మీద నెత్తుటిలో ఒక మనిషి తల తిప్పి, అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతున్నాడు. వెనక ఆగిన బస్సు ఇంజను చప్పుడు ఆగకుండా వినిపిస్తూనే ఉంది.